ఏడాది డబ్బు ముందే కట్టిన బ్రాడ్‌బ్యాండ్‌ని మధ్యలో ఆపేస్తే మిగతా డబ్బు రాదా?

మియాపూర్_టు_గుంటూరు | 2025 ఆగస్టు 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

మార్చి రెండో వారంలో మియాపూర్ ఫ్లాట్‌కి ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాను. నెలనెలా కడితే 999, పైన జీఎస్టీ. ఏడాదికి ఒకేసారి కడితే 8,000, పైన జీఎస్టీ. ఏడాదిదే లాభం అనిపించి 9,440 రూపాయలు కట్టేశాను. రౌటర్‌కి 2,000 డిపాజిట్ వేరే.

జూలైలో నాన్నకి పక్షవాతం వచ్చింది. అమ్మ ఒక్కతే చూసుకోలేదు. ఆఫీసువాళ్లు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు కాబట్టి ఫ్లాట్ ఖాళీ చేసి ఊరికి వచ్చేశాం. గుంటూరుకి పద్దెనిమిది కిలోమీటర్లు. కనెక్షన్ ఇక్కడికి మార్చమంటే ఈ ఊళ్లో మా లైను లేదన్నారు. అయితే ఆపేసి మిగిలిన ఏడు నెలల డబ్బు ఇవ్వండి అంటే, ఏడాది ప్లాను మధ్యలో ఆపితే పైసా కూడా తిరిగి రాదన్నారు.

రౌటర్ సంగతి ఇంకా ఘోరం. ఆగస్టు 5న వాళ్ల కుర్రాడు వచ్చి రౌటర్ విప్పి బ్యాగులో వేసుకుని వెళ్లాడు. నేను అట్టపెట్టెలకి టేపు వేస్తూ ఉన్నాను, కాగితం అడగాలని తోచలేదు. అడాప్టర్ గోడకున్న ప్లగ్గులోనే ఉండిపోయింది. ఇప్పుడు యాప్‌లో చూస్తే ‘పరికరం అందలేదు’ అని ఉంది. డిపాజిట్ కూడా పోయినట్టేనట.

నాన్న ఫిజియోథెరపీకి రోజుకి 500 అవుతోంది. ఈ డబ్బు నాకు చిన్నది కాదు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఏం చేయాలో చెప్పండి చాలు.

---

తెనాలి_మాస్టారు | ఆగస్టు 11, రాత్రి 10:25

బాబూ, ముందు నాన్నగారు త్వరగా కోలుకోవాలి.

మూడు విషయాలు చెప్పు. వాళ్లతో మాట్లాడింది ఫోన్లోనేనా, ఎక్కడైనా రాతలో ఉందా? ఫిర్యాదుకి డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నమోదైనట్టు చూపే నంబర్, ఇచ్చారా? కనెక్షన్ తీసుకున్న రోజు నువ్వు సంతకం పెట్టిన ఫారం కాపీ నీ దగ్గర ఉందా?

---

మియాపూర్_టు_గుంటూరు | ఆగస్టు 11, రాత్రి 10:52

మాస్టారూ, మూడు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ వేరే మనిషి. డాకెట్ నంబర్ ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఫారం మెయిల్‌లో పీడీఎఫ్‌గా వచ్చింది, ఇప్పుడే తెరిచాను. నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ‘ముందుగా చెల్లించిన మొత్తం తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. ఆ పేజీ నాకు ఎవరూ చూపించలేదు. ట్యాబ్‌లో వేలితో సంతకం చేయించుకున్నారు, అంతే.

---

పాత_ఫ్రాంచైజీ | ఆగస్టు 12, ఉదయం 6:50

నేను ఆరేళ్లు ఒక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి ఏరియా ఫ్రాంచైజీ నడిపాను, రెండేళ్ల క్రితం వదిలేశాను. లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

రౌటర్ తీసుకెళ్లిన కుర్రాడు దాన్ని ఆఫీసులో ఒక మూల పెట్టి ఉంటాడు. అడాప్టర్ లేని రౌటర్ని స్టోర్‌వాళ్లు లోపలికి తీసుకోరు, ఎంట్రీ పడదు. ఎంట్రీ పడకపోతే సిస్టమ్‌లో అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు. అందుకే ‘అందలేదు’ అని కనిపిస్తోంది. దొంగతనం అనుకోవద్దు, ఇది రోజూ జరిగేదే. కానీ నష్టం కస్టమర్‌కే.

రౌటర్ వెనక స్టిక్కర్ మీద ఎస్ఎన్ అని ఒక సీరియల్ నంబర్ ఉంటుంది. కనెక్షన్ ఇచ్చిన రోజు ఇన్‌స్టలేషన్ ఫోటో మీకు వాట్సాప్‌లో పంపి ఉంటారు, వెతకండి. ఆ కుర్రాడు వచ్చే ముందు మీకు ఫోన్ చేసి ఉంటాడు కదా, 5వ తేదీ కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్లో అతని పేరు, టైము, ‘నెట్ పని’ అని రాసే ఉంటారు. వాచ్‌మన్‌తో మంచిగా మాట్లాడి ఆ పేజీ ఫోటో తెప్పించుకోండి. కాగితం లేదని దిగులు పడకండి, ఈ మూడూ కలిస్తే కాగితమే.

అడాప్టర్ ఉంటే పారేయకండి.

ఇంకొకటి. ఆటోపే పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి. యూపీఐ యాప్‌లో మాండేట్లు అని ఉంటుంది, అందులోకి వెళ్లి రద్దు చేయండి. కనెక్షన్ ఆపిన తర్వాత కూడా ఏడాది తిరిగేసరికి మళ్లీ డబ్బు లాగేసిన కేసులు నా కౌంటర్ దగ్గరే చూశాను.

---

వరంగల్_వకీలు | ఆగస్టు 12, ఉదయం 11:15

వినియోగదారుల కేసులు చూస్తుంటాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మొదట ఒక అపోహ పోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తే డబ్బు ఇప్పిస్తారని చాలామంది అనుకుంటారు. ట్రాయ్ నియమాలు పెడుతుంది, విడివిడి ఫిర్యాదులు తీర్చదు. అది చేయాల్సింది కంపెనీయే, రెండు మెట్లలో. 2012 ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం మొదటి మెట్టు కంప్లయింట్ సెంటర్. ప్రతి ఫిర్యాదుకీ డాకెట్ నంబర్ ఇచ్చి తీరాలి. ఫోన్లో మాట్లాడి పెట్టేయడం ఫిర్యాదు కిందకి రాదు, డాకెట్ పడితేనే ఫిర్యాదు. అక్కడ సమాధానం రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రెండో మెట్టు అప్పిలేట్ అథారిటీ. ప్రతి కంపెనీకీ ఉంటుంది, వెబ్‌సైట్‌లో అడ్రసు, మెయిల్ పెట్టాలి. 30 రోజుల్లోపు అప్పీలు వేయాలి, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. ఫీజు లేదు.

ఇప్పుడు మీ రెండు బాకీలనీ విడదీసి చూడండి. డిపాజిట్ మీ సొమ్ము, వాళ్ల దగ్గర దాచినది. కనెక్షన్ మూసేశాక డిపాజిట్ వెనక్కి ఇవ్వడానికి గడువు ఉంది. 2006 బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లోనే 60 రోజులు అన్నారు, 2024లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ గడువు కొనసాగింది. రెండు నెలలు దాటితే ఏ లెక్కన చూసినా తప్పు వాళ్లదే. ఇక్కడ మీ పక్షం గట్టిది.

ఏడు నెలల డబ్బు సంగతి అంత తేలిక కాదు, దాచకుండా చెబుతున్నాను. ముందే కట్టిన ప్లాను వదిలేస్తే మిగతాది లెక్కకట్టి ఇవ్వాలని సూటిగా చెప్పే ఒక్క నియమాన్ని చూపించి గెలవలేం. కానీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(46) ఉంది, ‘అన్యాయమైన ఒప్పందం’ అంటే ఏమిటో చెబుతుంది. ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వినియోగదారుడి మీద వేసే ఒప్పందం అందులో ఒకటి. మీరు ఉన్న చోట సర్వీసు ఇవ్వలేనివాళ్లు, ఇవ్వని సర్వీసుకి ఏడు నెలల డబ్బు మొత్తం ఉంచుకుంటామంటే అది ఆ మాట కిందకి వస్తుందని వాదించవచ్చు. ఒప్పందమే చెల్లదని కేసు వేయాలంటే అది రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కి వెళ్తుంది. సేవాలోపం అని వేస్తే జిల్లా కమిషన్ చాలు.

ఇవాళే చేయాల్సింది ఒక్కటే. మెయిల్‌లో కనెక్షన్ మూసివేతకి రాతపూర్వక అభ్యర్థన పంపి, డాకెట్ నంబర్ తీసుకోండి.

---

నిజామాబాద్_63 | ఆగస్టు 12, మధ్యాహ్నం 1:30

వకీలు గారు చెప్పింది బాగుంది కానీ, ఐదారు వేల కోసం కమిషన్ చుట్టూ తిరిగేదెవరు అన్నా? వకీలు ఫీజు, బస్సు ఖర్చు, పనులు పోగొట్టుకోవడం. కంపెనీలకి ఈ లెక్క తెలుసు. నేనైతే నాలుగేళ్ల క్రితం 3,000 ఇట్లనే వదులుకున్న. ఇప్పటికీ మనసుల ఉంది.

---

తెనాలి_మాస్టారు | ఆగస్టు 12, సాయంత్రం 4:05

నిజామాబాద్ తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది. నేనూ ఒకప్పుడు అలాగే వదులుకున్నాను. అయితే ఇప్పుడు పరిస్థితి మారింది, అది చెబుతాను.

2009లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో టెలిఫోన్ బిల్లు తగాదాలు వినియోగదారుల ఫోరానికి రావన్నది. పాత టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తి దగ్గరికి వెళ్లాలన్నారు. కంపెనీలు ఏళ్ల తరబడి దాన్నే అడ్డం పెట్టుకున్నాయి. అహ్మదాబాద్‌లో నెలకి సగటున 555 రూపాయల బిల్లు వచ్చే ఒకాయనకి 2013 చివర్లో ఒక్క నెలకి 24,609 రూపాయల బిల్లు వేశారు. ఆయన జిల్లా ఫోరంలో కేసు వేశాడు, కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఫిబ్రవరి 16న కోర్టు తేల్చి చెప్పింది: టెలికాం వినియోగదారుడు కూడా వినియోగదారుల కమిషన్‌కి రావచ్చు, టెలిగ్రాఫ్ చట్టం దానికి అడ్డు రాదు అని. ఒక్క మనిషి ఎనిమిదేళ్లు పట్టు విడవకపోతే దేశంలో అందరికీ తలుపు తెరుచుకుంది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఖర్చు విషయానికి వస్తే, ఐదు లక్షల లోపు వ్యవహారానికి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. 2019 చట్టం వచ్చాక నువ్వు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయవచ్చు. జరిగిన రెండేళ్లలోపు వేయాలి, అదొక్కటి గుర్తుంచుకో.

అంతకంటే ముందు 1915 ఉంది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు. నా శిష్యుడొకడికి ఒక కంపెనీ మూసేసిన కనెక్షన్‌కి బిల్లులు పంపుతూ ఉంటే 1915కి చేయించాను. పన్నెండో రోజున బాకీ సున్నా అని మెయిల్ వచ్చింది. ప్రతిసారీ ఇలా అవుతుందని చెప్పను, ఒక ఫోన్ చేస్తే పోయేదేం లేదు.

---

విశాఖ_అక్క | ఆగస్టు 12, రాత్రి 8:40

ఇక్కడే అడగవచ్చా? మాది ఫోన్ నంబర్ సమస్య. మా నాన్నగారు మేలో పోయారు. అమ్మ హైదరాబాద్‌లో ఒక్కతే ఉండలేక నా దగ్గరికి వైజాగ్ వచ్చేసింది. నాన్నగారి పోస్ట్‌పెయిడ్ నంబర్‌కే గ్యాస్, కరెంటు బిల్లు, అమ్మ బ్యాంకు ఓటీపీలు అన్నీ వస్తాయి. నెలకి 471 బిల్లు పడుతూనే ఉంది. మా ఇంటి దగ్గర వేరే కంపెనీ సిగ్నలే బాగుంటుంది. మూసేయాలా, మార్చాలా ఏమీ తెలియడం లేదు. స్టోర్‌లో అడిగితే ‘ఆయన్నే రమ్మనండి’ అన్నాడు ఒకబ్బాయి. ఫైలు చూడకుండా అన్నాడు, తెలియక. అమ్మ పక్కనే ఉంది.

---

ఏలూరు_రీఛార్జ్_కొట్టు | ఆగస్టు 12, రాత్రి 9:30

అక్కా, చాలా బాధగా ఉంది. నా కొట్టుకి ఇలాంటివి నెలకి రెండు మూడు వస్తాయి. వరస తప్పకుండా చేస్తే అయిపోతుంది.

మూసేయకండి. ముందు నంబర్‌ని అమ్మగారి పేరు మీదకి మార్పించండి. మరణ ధ్రువపత్రం, అమ్మగారి ఆధార్, బంధుత్వం చూపించే కాగితం ఏదైనా తీసుకుని కంపెనీ సొంత స్టోర్‌కి వెళ్లండి. చిన్న రీఛార్జ్ కొట్లలో ఈ పని అవదు. బాకీ బిల్లు కట్టేయమంటారు, కట్టి రసీదు తీసుకోండి. పేరు మార్పు నడుస్తున్నంతసేపు పోర్ట్, అంటే అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారడం, కుదరదు, నియమమే అలా ఉంది. కాబట్టి అది పూర్తయ్యాకే పోర్ట్.

పోర్ట్ ఎలాగో కూడా చెబుతాను. ఇంగ్లిషు అక్షరాల్లో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, నంబర్ వేసి 1900కి మెసేజ్ పెట్టాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, నాలుగు రోజులు పనిచేస్తుంది. దాంతో కొత్త కంపెనీ దగ్గరికి వెళ్లాలి. నంబర్ ఆ కంపెనీలో 90 రోజులైనా ఉండి ఉండాలి. పోస్ట్‌పెయిడ్ అయితే గడువు దాటిన బిల్లు ఉండకూడదు. 2019 డిసెంబర్ 16 నుంచి ఇవన్నీ ముందే సరిచూసి కోడ్ ఇస్తున్నారు, కుదరకపోతే ఎందుకు కుదరదో మెసేజ్‌లోనే చెబుతారు. అంతకుముందు కోడ్ వచ్చి, ఫారం నింపి, వారం తర్వాత తిరస్కరించేవాళ్లు. జనం నా మీద అరిచేవాళ్లు.

సిమ్ పోయి కొత్త సిమ్ తీసుకుంటే ఏడు రోజులు కోడ్ రాదు. 2024 జూలై 1 నుంచి ఈ నియమం. మోసగాళ్లు డూప్లికేట్ సిమ్ తీసి వెంటనే పోర్ట్ కొట్టేస్తున్నారని పెట్టారు, మంచిదే.

హైదరాబాద్ నంబర్ వైజాగ్‌లో పోర్ట్ అవుతుందా అని భయం వద్దు. రాష్ట్రాలు 2014లో విడిపోయినా టెలికాం లెక్కలో రెండూ ఇప్పటికీ ఒకే సర్కిల్, ఆంధ్రప్రదేశ్ సర్కిల్. మూడు పనిదినాల్లో అయిపోతుంది. చెన్నై, బెంగళూరు నంబర్లయితే ఐదు పనిదినాలు.

---

విశాఖ_అక్క | ఆగస్టు 12, రాత్రి 9:48

తమ్ముడూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. చదివి వినిపిస్తే అమ్మ ‘నంబర్ పోదుగా’ అని రెండు సార్లు అడిగింది. నాన్నగారి కాలర్ ట్యూన్ దానికే ఉంది.

---

నిజామాబాద్_63 | ఆగస్టు 13, ఉదయం 7:20

ఏలూరు అన్నా, నా ప్రీపెయిడ్ నంబర్ల వ్యాలిడిటీ అయిపోయింది. 1900కి మెసేజ్ పోతలేదు. మళ్లీ రీఛార్జ్ చేసి పోర్ట్ కొట్టాల్నా?

---

ఏలూరు_రీఛార్జ్_కొట్టు | ఆగస్టు 13, ఉదయం 8:10

అవసరం ఉండకపోవచ్చు అన్నా. ఏ ప్లానులో ఉన్నా, ఎంత చిన్న రీఛార్జ్ అయినా 1900కి పోర్ట్ మెసేజ్ వెళ్లేలా చూడాలని 2021 డిసెంబర్‌లోనే ట్రాయ్ ఆదేశం ఇచ్చింది. వెళ్లకపోతే కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి చేసి డాకెట్ నంబర్ అడగండి, ఆ ఆదేశం సంగతి చెప్పండి. ఆ మాట అనగానే సాధారణంగా దారికొస్తారు. ఆలస్యం మాత్రం చేయకండి. పోర్ట్ అయితే పాత ఖాతాలో మిగిలిన బ్యాలెన్స్ రాదు, అది కూడా చూసుకోండి.

---

మోడరేటర్ | ఆగస్టు 13, ఉదయం 9:00

అందరికీ మనవి. ఫోన్ నంబర్లు, డాకెట్ నంబర్లు, పోర్ట్ కోడ్‌లు ఇక్కడ పెట్టకండి. నిన్న ఒక సభ్యుడు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో కోడ్ పూర్తిగా కనిపించింది, తొలగించాం. పోర్ట్ చేసిపెడతామని ఎవరైనా ప్రైవేట్ మెసేజ్ పంపితే మాకు చెప్పండి.

---

లెస్టర్_తెలుగు | ఆగస్టు 13, మధ్యాహ్నం 2:45

ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చే మన పిల్లల కోసం.

మాస్టర్స్ ఒక్క ఏడాదే, కానీ వచ్చిన వారంలో 24 నెలల ఫోన్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేస్తారు, కొత్త ఫోన్ వస్తుందని. తిరిగి వెళ్లేటప్పుడు మిగిలిన నెలల డబ్బు కట్టమంటారు. దేశం వదిలి వెళ్తున్నాం అన్నది ఇక్కడ కారణం కింద లెక్కలోకి రాదు. నా రూమ్మేట్ ఒకతను ఎయిర్‌పోర్టు బస్సులో కూర్చుని కస్టమర్ కేర్‌తో గంటసేపు మాట్లాడాడు, ఏమీ ఒరగలేదు. కాబట్టి సిమ్ మాత్రమే ఉండే నెలవారీ ప్లాను తీసుకోండి, ఫోన్ ఇంటి దగ్గర కొనుక్కుని రండి.

ఆన్‌లైన్‌లోనో ఫోన్లోనో తీసుకున్న కాంట్రాక్టుని 14 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు, అది చట్టం ఇచ్చిన హక్కు. నంబర్ ఉంచుకుని కంపెనీ మారాలంటే ఇంగ్లిషులో ప్యాక్ (PAC) అని 65075కి మెసేజ్ పెట్టాలి, నంబర్ కూడా వద్దనుకుంటే స్టాక్ (STAC) అని 75075కి. 2019 జూలై నుంచి ఇలా. ఎవరితోనూ మాట్లాడి బతిమాలే పని లేదు. బ్రాడ్‌బ్యాండ్‌కైతే 2024 సెప్టెంబర్ 12 నుంచి కొత్త కంపెనీకి చెబితే చాలు, పాత కంపెనీతో వాళ్లే చూసుకుంటారు. 2025 జనవరి 17 తర్వాత తీసుకున్న కాంట్రాక్టుల్లో మధ్యలో ధర పెంచేదుంటే ఎన్ని పౌండ్లు, ఎన్ని పెన్నీలు, ఏ నెల నుంచి అని ముందే రాసివ్వాలి. ద్రవ్యోల్బణం ప్రకారం పెంచుతామని వదిలేయడానికి లేదు.

మన దగ్గర బ్రాడ్‌బ్యాండ్‌కి ఇలాంటి పోర్టింగ్ ఎందుకు రాలేదు? కంపెనీ మార్చుకుంటే ల్యాండ్‌లైన్ నంబర్ కూడా పోయినట్టే కదా.

---

వరంగల్_వకీలు | ఆగస్టు 13, రాత్రి 7:30

లెస్టర్ గారూ, నిజమే. మన దగ్గర పోర్టింగ్ మొబైల్‌కే. 2010 నవంబర్ 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది. సర్కిల్ దాటి తీసుకెళ్లే వీలు 2015 జూలై 3 నుంచి. ల్యాండ్‌లైన్‌కి, ఫైబర్‌కి అలాంటి ఏర్పాటు లేదు. అందుకే బ్రాడ్‌బ్యాండ్ మారేవాళ్లు కొత్తది పనిచేయడం మొదలయ్యాకే పాతది ఆపించుకోవాలి, రెండూ నడిచే ఆ కొద్ది రోజుల ఖర్చు భరించాలి.

చాలామందికి తెలియని ఇంకో హక్కు చెబుతాను. టారిఫ్ నియమాల ప్రకారం ఒక ప్లానులో చేరినవాడికి ఆరు నెలల వరకు ఆ ప్లానులో ఏ ధరా పెంచకూడదు. ముందే డబ్బు కట్టించుకున్న ప్లానైతే ఆ గడువు మొత్తం పెంచకూడదు. మీరు మాత్రం ఎప్పుడైనా వేరే ప్లానుకి మారవచ్చు. ఆరు నెలలు కదలడానికి లేదని ఏజెంటు చెబితే నమ్మకండి, ఆ కట్టడి కంపెనీకి, మీకు కాదు.

---

మియాపూర్_టు_గుంటూరు | ఆగస్టు 20, రాత్రి 10:10

12వ తేదీనే మెయిల్ పెట్టాను, కంపెనీ ఫిర్యాదుల నంబర్‌కి కూడా చేశాను. ఈసారి మొదటి మాటే ‘డాకెట్ నంబర్ ఇవ్వండి’ అన్నాను. ఇచ్చారు. 16న ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఏమీ పరిష్కరించలేదు.

పాత ఫ్రాంచైజీ అన్నా, మీరు చెప్పినట్టే మా వాచ్‌మన్ తాత రిజిస్టర్ పేజీ ఫోటో పంపాడు. ఆగస్టు 5, ఉదయం 11:20, ఆ కుర్రాడి పేరు, ‘రౌటర్ తీసుకెళ్ళుటకు’ అని పెన్సిల్‌తో రాసి ఉంది. పేరు పక్కన సంతకం కూడా ఉంది. చూసి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అడాప్టర్ ఇంటి ఓనరు గారు తీసి పక్కన పెట్టారట.

అప్పీలు ఇలా రాశాను, చూసి చెప్పండి:

‘అయ్యా, నా కనెక్షన్‌కి మార్చిలో 12 నెలల ఛార్జీ 9,440, రౌటర్ డిపాజిట్ 2,000 చెల్లించాను. మా కొత్త చిరునామాలో మీ సర్వీసు లేదని మీరే చెప్పారు. ఆగస్టు 12న మూసివేత అభ్యర్థన ఇచ్చాను. రౌటర్ ఆగస్టు 5న మీ సిబ్బందికి అప్పగించాను, సాక్ష్యంగా అపార్ట్‌మెంట్ రిజిస్టర్ పేజీ, కాల్ వివరాలు జతచేశాను. అడాప్టర్ అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను, ఎక్కడ ఇవ్వాలో తెలపండి. డిపాజిట్ 2,000, వాడని ఏడు నెలలకి 5,506 తిరిగి ఇప్పించగలరు. మొదటి ఫిర్యాదుని ఏ కారణంతో మూసేశారో రాతపూర్వకంగా తెలపగలరు.’

---

వరంగల్_వకీలు | ఆగస్టు 20, రాత్రి 11:00

చాలా బాగుంది. రెండు మార్పులు. మొదటి ఫిర్యాదు డాకెట్ నంబర్, తేదీ మొదటి వాక్యంలోనే రాయండి. చివర్లో ‘39 రోజుల్లో నిర్ణయం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ని ఆశ్రయిస్తాను’ అని ఒక్క వాక్యం చేర్చండి. బెదిరింపు మాటలు ఏవీ వద్దు. పంపిన మెయిల్‌ని పీడీఎఫ్ చేసి దాచుకోండి.

---

పాత_ఫ్రాంచైజీ | ఆగస్టు 21, ఉదయం 6:30

తమ్ముడూ, 5,506 అడుగు, అడగడం నీ హక్కు. కానీ వాళ్ల లెక్క ఎలా ఉంటుందో ముందే తెలుసుకో. ఏడాదికి కట్టావని రేటు తగ్గించారు. నువ్వు ఐదు నెలలే వాడావు కాబట్టి నెలవారీ రేటు వేస్తారు. 999కి జీఎస్టీ కలిపితే 1,178 చిల్లర, ఐదు నెలలకి 5,894. 9,440 లోంచి అది తీసేస్తే 3,546. ఇచ్చే మనసుంటే ఈ లెక్కనే ఇస్తారు. అది అన్యాయమని నేను అనను, నీకు డిస్కౌంటు వచ్చింది ఏడాది ఉంటావనే. ఒప్పుకోవాలో లేదో నీ ఇష్టం.

---

తెనాలి_మాస్టారు | ఆగస్టు 21, ఉదయం 8:15

ఆయన చెప్పింది సబబే. నేనైతే ఆ లెక్కకి ఒప్పుకుంటాను. డిపాజిట్‌లో మాత్రం ఒక్క రూపాయి తగ్గవద్దు.

---

విశాఖ_అక్క | సెప్టెంబర్ 9, సాయంత్రం 6:20

నంబర్ అమ్మ పేరు మీదకి మారింది. కంపెనీ సొంత స్టోర్‌లో మేనేజర్ అమ్మాయి కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి చేసింది. నెలకి అంత బిల్లు అమ్మకి అక్కర్లేదని పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్‌కి కూడా మార్పించాను. ఇది 2021 నుంచి ఓటీపీతోనే అవుతుందట, సిమ్ మార్చక్కర్లేదు. పోర్ట్ కొంచెం ఆగి చేస్తాం.

ఒక మాట అందరికీ. నంబర్ మూసేస్తే 90 రోజుల తర్వాత దాన్ని వేరేవాళ్లకి ఇచ్చేయవచ్చని ఆ అమ్మాయే చెప్పింది. బ్యాంకు, ఆధార్, యూపీఐ, వాట్సాప్ నుంచి నంబర్ తీయకుండా మూసేసినవాళ్ల ఓటీపీలు ఎవరికో వెళ్తాయి. మేం మూసేసే ఆలోచనలోనే ఉన్నాం, ఇక్కడ అడక్కపోతే ఏమయ్యేదో.

---

మియాపూర్_టు_గుంటూరు | సెప్టెంబర్ 26, రాత్రి 9:05

అప్పీలు పంపిన 34వ రోజున, నిన్న నిర్ణయం వచ్చింది. పాత ఫ్రాంచైజీ అన్న చెప్పిన లెక్కే, 3,546. డిపాజిట్ 2,000 పూర్తిగా. రెండూ కలిపి 5,546 ఈరోజు మధ్యాహ్నం బ్యాంకులో పడ్డాయి. అడాప్టర్ మియాపూర్ ఓనరు గారే వాళ్ల ఆఫీసులో ఇచ్చి, సీరియల్ నంబర్ రాయించుకుని రసీదు తీసుకున్నారు. మాస్టారు చెప్పినట్టు మిగతాదానికి పట్టుబట్టలేదు.

ఒకటే మిగిలింది. ‘బాకీ ఏమీ లేదు’ అని లెటర్ అడగాలా? యాప్‌లో ఖాతా ‘మూసివేయబడింది’ అని ఉంది.

---

వరంగల్_వకీలు | సెప్టెంబర్ 26, రాత్రి 9:40

తప్పకుండా అడగండి. టెలికాం బాకీలు కూడా క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కే అవకాశం ఉంది, పొరపాటున ఎక్కినా రేపు ఇంటి లోనుకి వెళ్లినప్పుడు తెలుస్తుంది. ఒక మెయిల్ పెట్టండి, ఇదే డాకెట్ నంబర్ మీద.

---

మియాపూర్_టు_గుంటూరు | సెప్టెంబర్ 30, ఉదయం 10:30

లెటర్ వచ్చింది, ప్రింట్ తీసి నాన్న ఫైల్లో పెట్టాను. నాన్న ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నారు. వాచ్‌మన్ తాతకి 500 పంపితే తీసుకోలేదు, దసరా సెలవులకి అటు వెళ్లినప్పుడు ఒక పంచె తీసుకెళ్లి ఇస్తాను.